కాలువగట్టు పాఠము: వేసవి సెలవులలో కుటుంబ విహారము

తెలుగులో ‘సెలవు’ అను చిన్న మాటకు మూడు అర్థములు కలవు. అనుమతి ఒకటి, పనినుండి విరామము ఒకటి, వీడ్కోలు మరియొకటి. ఉర్దూలోని ‘రుఖ్సత్’ అను మాటకు కూడ ఇంచుమించుగా ఈ మూడు అర్థములే చెప్పుదురు. రెండు భాషలు చదువుకొను మన విద్యార్థులు ఈ సామ్యమును గమనింపవలెను. విరామము, అనుమతి ఒకే మాటలో ఇమిడియుండుటలో లోకానుభవము కలదు. ఒకరు అనుమతి ఇచ్చిననే మరియొకరికి విరామము దొరకును. ఆ అనుమతి ఇంటిలో ఎవరికి దొరకుచున్నది, ఎవరికి దొరకుట లేదు అను ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

ప్రతి సంవత్సరము కళాశాల తెరచిన మొదటి వారములో ‘నేను వేసవి సెలవులు గడిపిన విధము’ అను వ్యాసమును విద్యార్థులచే వ్రాయించుట మాకు అలవాటు. ఆ వ్యాసములను దిద్దునపుడు ఒక విచిత్రము కనబడును. కంకిపాడు దాటి ఎరుగని బాలురు కూడ ఊటీ కొండల చల్లదనమును, కొడైకెనాల్ సరస్సును వర్ణింతురు. అవి గైడు పుస్తకములలోని వాక్యములు. బాలికల వ్యాసములలో ఆ కొండలు కూడ ఉండవు. వంట, కుట్టుపని, బంధువుల పెండ్లి ఉండును. ఒక ఏడు మాత్రము ఒక విద్యార్థిని నాలుగు పంక్తులే వ్రాసి ఇచ్చినది. తమ్ముడు కాలువలో ఈతకు పోయినాడనియు, తాను గట్టుమీద వాని చొక్కా పట్టుకొని కూర్చున్నదనియు వాని సారాంశము. ఇరువదికి మేము ఆ వ్యాసమునకు పదునెనిమిది మార్కులు వేసితిమి. నిజము వ్రాసినది ఆమె ఒక్కతెయే.

విహారము, షికారు, సాహసము

మొదట మాటలను విచారింతము. పారసీకమునుండి ఉర్దూలోనికి వచ్చిన ‘షికార్’ అనగా వేట. అదే మాట తెలుగునకు వచ్చి ‘షికారు’ అయి, సాయంకాలపు నడకగా మారినది. తుపాకి పోయి నడక మిగిలినది. ఇది మన భాష చేసిన మంచి పనులలో ఒకటి. 

‘సాహసము’ అను మాటకు ఇంతకన్న పెద్ద చరిత్ర ఉన్నది. ప్రాచీన ధర్మశాస్త్రములలో సాహసము ఒక నేరము; బలాత్కారముగా, ముందువెనుక చూడక చేయు పనికి ఆ పేరు. నేడు మనము దానిని మెచ్చుకోలుగా వాడుచున్నాము. అయినను పాత అర్థము మరువదగినది కాదు. తెలిసి, సిద్ధపడి, తిరిగివచ్చు దారి ఎరిగి చేయునది మెచ్చదగిన సాహసము. తెలియక దూకునది పాత అర్థములోని సాహసమే.

కావున కుటుంబ విహారమునకు మేము మూడు లక్షణములు చెప్పుచున్నాము. ఇంటిలోని వారందరు పాల్గొనవలెను. ఆరుబయట, సాధ్యమైనంత వరకు కాలినడకన సాగవలెను. ఇంటిలో తెలియని విషయము ఒకటైనను తెలిసికొని తిరిగిరావలెను. దూరము, ఖర్చు దీని లక్షణములు కావు.

ఇది మన సాహిత్యమునకు క్రొత్త కాదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న, నడివేసవిలో, తల్లిని, భార్యను, దాదాపు నూరుమంది పరివారమును వెంటబెట్టుకొని కాశీయాత్రకు బయలుదేరెను. తిరిగి చేరినది 1831 సెప్టెంబరు 3న. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగులో వెలసిన తొలి యాత్రాచరిత్రలలో ప్రసిద్ధమైనది. బస ఎక్కడ దొరకునో, నీరు ఎట్టిదో, దారి ఎట్లున్నదో ఆయన ప్రతి మజిలీలోను వ్రాసిపెట్టెను. ఆ గ్రంథమునుండి మన విద్యార్థులు నేర్వదగిన మొదటి విషయము ఆ అలవాటే. చూచినది ఆనాడే వ్రాయవలెను.

మన సీమలో వేసవి

మన రాష్ట్రమున పాఠశాలలకు ఏప్రిల్ నాలుగవ వారము మొదలు జూన్ రెండవ వారము వరకు సెలవులు. ఈ కాలములో మే చివర వచ్చు రోహిణి కార్తెకు రోళ్ళు పగులునని సామెత. సామెతను అతిశయోక్తి అనుకొనరాదు. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. కనుక మన విహారమునకు కాలము తెల్లవారుజాము, లేదా అసరు నమాజు తరువాతి సాయంకాలము. పగలు పదకొండు మొదలు నాలుగు వరకు నీడపట్టున ఉండుటయే వివేకము.

మన పండుగలు చాంద్రమానమును అనుసరించును గనుక రంజాన్ మాసము ఏటేట పది పదకొండు దినములు ముందుకు జరుగును. 2018, 2019 సంవత్సరములలో అది మే, జూన్ నెలలలో వచ్చినది. ఆ రెండు వేసవులలో మా ఇంటివారి విహారము డాబామీదనే జరిగినది. తరావీహ్ ముగిసిన పిమ్మట చాపలు పరచుకొని సప్తర్షులను, ధ్రువనక్షత్రమును గుర్తించుట నేర్చితిమి. నెలవంకను వెదకుటయు ఆరుబయటి పాఠమే గదా.

నాలుగు విహారములు

మా కుటుంబము చేసిన నాలుగు విహారములను ఇచట పాఠ్యక్రమముగా ఇచ్చుచున్నాము. ఇవి అన్నియు కంకిపాడునుండి ఆర్టీసీ బస్సులో పోయి దీపాల వేళకు ఇల్లు చేరదగినవి.

మొదటిది కాలువగట్టు. ఫజరు నమాజు కాగానే బయలుదేరిన ఎండ ఎక్కులోగా రెండు మూడు మైళ్ళు నడువవచ్చును. కంకిపాడు చుట్టును వరిచేలకు, చెరకుతోటలకు ప్రాణము కాలువ నీరే. వేసవిలో సాగునీరు ఆపుదురు గనుక కాలువల అడుగు కనబడును. నిండుగా పారునపుడు కనబడని తూములు, షట్టర్లు, పేరుకొన్న ఒండ్రు అప్పుడు కనబడును. లకుముకిపిట్ట మడుగుపై నిలిచి ఒక్క ఉదుటున చేపను పట్టుట చూడవచ్చును. డెల్టాలో రోడ్లు, లారీలు రాకముందు ధాన్యము, జనము ఈ కాలువలమీదనే పడవలలో ప్రయాణించిరి. నీటిమట్టము ఎగువన ఎక్కువ, దిగువన తక్కువ. పడవ మెట్లు దిగలేదు గదా. అందుకు లాకులు కట్టిరి. రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిని మెల్లగా దించిన, పడవయు దానితో దిగును. ఈ సంగతిని నల్లబల్లపై గంటసేపు చెప్పినను అర్థము కానిది, లాకువద్ద అయిదు నిమిషములలో మా పిల్లలకు అర్థమైనది.

రెండవది ప్రకాశం బ్యారేజి. బెజవాడవద్ద కృష్ణకు అడ్డముగా 1852లో ఆరంభించిన ఆనకట్ట 1855లో పూర్తియైనది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహమున కెప్టెన్ ఛార్లెస్ ఆర్ దానిని నిర్మించెను. దాదాపు నూరేండ్లు నిలిచి అది 1952లో తెగినది. నేటి బ్యారేజి 1957లో పూర్తియై టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు ధరించినది. పొడవు సుమారు 1,223 మీటర్లు, గేట్లు 70. పిల్లలను ఒక కొసనుండి మరియొక కొసకు నడిపించి గేట్లు లెక్కింపజేయవలెను. మా అమ్మాయి లెక్క 70 వచ్చినది, అబ్బాయి లెక్క 68 వచ్చినది. పందెము తీరుటకు మరల నడువవలసి వచ్చినది. ఆవలి ఒడ్డున కొలది దూరములోనే ఉండవల్లి గుహలు. ఒకే కొండను నాలుగు అంతస్తులుగా తొలిచిరి. లోపల ఏకశిలలో మలచిన శయనమూర్తిని చూచిన పిల్లలు ఆ రాయిని బయటనుండి తెచ్చినారా అని తప్పక అడుగుదురు. తేలేదు, కొండనే చెక్కిరి అని చెప్పి, వారు నమ్మునంతవరకు అచటనే నిలువవలెను.

మూడవది కొండపల్లి కోట. పదునాలుగవ శతాబ్దిలో రెడ్డిరాజుల కాలమున వెలసిన ఈ గిరిదుర్గము బహమనీలు, గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు, ఆంగ్లేయులు మొదలగు వారి చేతులు మారినది. చరిత్ర పుస్తకములో ఇవి వేరువేరు అధ్యాయములు. కొండమీద ఒకే గోడలో పక్కపక్క రాళ్ళు. క్రింద ఊరిలో బొమ్మలు చేయుదురు. వానికి వాడు తెల్లపొణికి కర్ర ఆ కొండ అడవులలో పెరుగును. చెట్టును చూచి బొమ్మను చూచిన బాలునికి అడవి ఎందుకు నిలువవలెనో వేరుగా చెప్పనక్కర లేదు.

నాలుగవది బందరు దగ్గరి మంగినపూడి సముద్రతీరము. అచట అడుగున నల్లమట్టి. నీరు చాలదూరము లోతులేక ఉండును. అట్లని సముద్రమును చులకన చేయరాదు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనకు బందరు ప్రాంతమున సుమారు ముప్పదివేలమంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలకొలది జనము కొట్టుకొనిపోయిరి. తీరమున నిలిచి ఈ మాటలు చెప్పినపుడు పిల్లలు అలలను మరియొక చూపుతో చూచుదురు. నీటిని ప్రేమించుట, నీటికి భయపడుట రెండును కలిసి ఒకే విద్య.

మాకు కలిగిన గుణపాఠము

ఇంతవరకు చెప్పినది మేము బోధించిన పాఠము. ఇక మేము నేర్చుకొన్నది చెప్పవలెను. ఉపాధ్యాయుడు తన తప్పును దాచి పాఠము చెప్పరాదని మా విశ్వాసము.

కొన్నేండ్ల క్రిందట మా అబ్బాయికి ఎనిమిదేండ్లు, అమ్మాయికి పదకొండేండ్లు. ఆ మే నెల పొడుగునా మా అబ్బాయి, వాని స్నేహితులు ఎండిన కాలువ అడుగుననే క్రికెట్ ఆడిరి. మేమును చూచి సంతోషించితిమి. జూన్‌లో బడులు తెరచిన తరువాత ఒక ఆదివారము ఉదయము అలవాటు ప్రకారము గట్టుమీదికి వెళ్ళితిమి. కాలువకు నీరు వదలిరి. మా సీమలో వాన చినుకు పడలేదు. ఆకాశము నిర్మలముగా ఉన్నది. కాలువ నీటికి మన ఊరి వానతో పనిలేదు. అది బ్యారేజినుండి వచ్చును. 2015 మొదలు పట్టిసీమ ఎత్తిపోతల వలన గోదావరి నీరు కూడ వచ్చి కృష్ణలో కలియుచున్నది. కనుక మబ్బు చూచి జాగ్రత్తపడు బాలునికి ఏ హెచ్చరికయు ఉండదు. నిన్న వికెట్లు పాతిన చోట నేడు నిలువులోతు నీరుండును.

మా అబ్బాయి చొక్కా విప్పి అక్క చేతికి ఇచ్చి, తనకు బాగుగా తెలిసిన మెట్లే గదా అని దిగెను. మూడవ మెట్టున నాచు. కాలు జారినది. రెండు క్షణములలో వాడు మాకు అందనంత దూరమున ఉన్నాడు. నీరు వానిని తూము వైపు లాగుచున్నది. లాకులు పనిచేయు విధమును, బ్యారేజి గేట్ల సంఖ్యను వానికి నేర్పిన మేము గట్టుమీద నిలిచి కేకలు పెట్టుచుంటిమి. మాకు ఈత రాదు.

గేదెలను తోలుకొనివచ్చిన ఒక పెద్దాయన నీటిలో దూకలేదు. గట్టున బోరగిల పడుకొని, తన పొడుగాటి కర్రను వానికి అందునట్లు చాచి, ‘పట్టుకోరా, వదలమాక’ అని కేకవేసెను. వాడు పట్టుకొనెను. పైకి లాగి, నీరు కక్కించి, కండువాతో తుడిచి, మావైపు తిరిగి ఆయన అన్న మాట ఇది: ‘నీళ్ళ పక్కన బతుకుతా పిల్లోడికి ఈత నేర్పకపోతే ఎట్టాగండీ మాస్టారూ? మీకూ రాదా ఏంటి?’ మేము సమాధానము చెప్పలేకపోతిమి. మా అమ్మాయి అప్పటికిని తమ్ముని చొక్కాను రెండు చేతులతో పట్టుకొని నిలిచియున్నది. మా విద్యార్థిని వ్రాసిన నాలుగు పంక్తులు అప్పుడు మాకు గుర్తుకు వచ్చినవి. ఆ వ్యాసమునకు మార్కులు వేసితిమే గాని, అందలి పాఠమును మా ఇంటికి తెచ్చుకొనలేదు.

ఈత ఒక చదువు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 2021 ఒక్క సంవత్సరములో ప్రపంచమున సుమారు మూడు లక్షలమంది నీట మునిగి మరణించిరి. వారిలో దాదాపు నాల్గవవంతు అయిదేండ్లలోపు పసివారు. ఐక్యరాజ్యసమితి 2021లో తీర్మానము చేసి జూలై 25వ తేదిని ఈ ప్రమాదముల నివారణ దినముగా నిర్ణయించినది. మనవలెనే నదులు, చెరువులు నిండిన డెల్టా దేశము బంగ్లాదేశ్. అచటి గ్రామములలో చెరువులోనే వెదురు తడకలతో వేదిక కట్టి, దానిలో పిల్లలకు ఈత నేర్పుచున్నారు. పెద్ద కొలను కట్టవలసిన పని లేదు. వెదురు మనకును కలదు.

మన పెద్దలకు ఈ విద్య తెలియనిది కాదు. ఎండిన సొరబుర్రలు నడుమునకు కట్టి పిల్లలకు ఈత నేర్పుట పల్లెలలో పాత పద్ధతి. మరుసటి వేసవిలో మేము ముప్పది ఏడవ ఏట, లారీ టైరు ట్యూబు నడుమునకు తగిలించుకొని, ఆ పెద్దాయన ఎదుటనే, కొలది నీటిలో ఈత నేర్చుకొంటిమి. మా విద్యార్థులు కొందరు గట్టుమీదనుండి చూచి నవ్విరి. నవ్వుటకు వారికి హక్కు కలదు.

అమ్మాయి సంగతి వచ్చినపుడు ఇంటిలో చర్చ జరిగినది. ఆడపిల్లకు ఈత ఎందుకని మా అమ్మగారు ప్రశ్నించిరి. నీటికి ఆ భేదము తెలియదు గదా అని మా ఇల్లాలు బదులు చెప్పినది. పరదాకు, మర్యాదకు లోటు లేని మార్గము వెదకితిమి. బంధువుల పొలములో మోటారు క్రింద నీటితొట్టి కలదు. లోతు నడుమువరకే. తెల్లవారుజామున ఆడవారు మాత్రమే ఉండునట్లు ఏర్పాటు చేసి, మేము దూరముగా గట్టున కాపలా కూర్చుంటిమి. మా ఇల్లాలు, అమ్మాయి ఇద్దరును నేర్చుకొనిరి. రెండవ వారమున మా అమ్మగారు తామును వచ్చి తొట్టి అంచున కూర్చుండిరి. తాము చిన్ననాట పుట్టిన ఊరి చెరువులో ఈదినవారేననియు, పెండ్లియైన తరువాత ఎవరును ఆ సంగతి అడుగలేదనియు అప్పుడు చెప్పిరి. నలుబది ఏండ్లకు పైగా ఆ ఇంట ఈత తెలిసిన మనిషి ఉండెను, మేము ఎరుగము.

విహారమునకు నియమములు

1. బయలుదేరునపుడు ఎవరు ఎచటికి పోవుచున్నారో, ఎప్పుడు తిరిగివత్తురో ఇంటిలో ఒకరికి చెప్పవలెను.

2. నిన్న తెలిసిన రేవు నేడు తెలిసిన రేవు కాదు. ప్రతిసారి కర్రతో లోతు చూచిన పిమ్మటనే దిగవలెను. ఇసుక తవ్విన గోతులు ఉన్న చోట నదిలో దిగనే రాదు.

3. మునుగుచున్న వానిని చూచి దూకరాదు. కర్ర, తాడు, చీర, దుపట్టా ఏది ఉన్న దానిని అందింపవలెను. ఈత వచ్చినవాడు సైతము వట్టిచేతులతో పోయిన ఇద్దరికిని ప్రమాదమే.

4. పడవ ఎక్కునపుడు లైఫ్ జాకెట్టు లేనిచో దిగిపోవలెను. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలో పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా విహారయాత్రికులు మరణించిరి. మొగమాటమునకు ఎక్కరాదు.

5. తలకు గుడ్డ, సీసాలలో నీరు, ఉప్పు కలిపిన మజ్జిగ తప్పనిసరి. ఒళ్ళు కాలిపోవుచు, మాట తడబడిన అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు తడిపి, వెంటనే 108కి ఫోను చేయవలెను.

6. పాము కరచినచో కోయుట, బిగించి కట్టుట చేయరాదు. కదలనీయక ఆసుపత్రికి చేర్చవలెను. విరుగుడు మందు అచటనే కలదు.

7. ఇంటికి వచ్చిన నాటి రాత్రియే, తెలుగులో గాని ఉర్దూలో గాని, ఒక పుట వ్రాయవలెను.

ముగింపు

విద్యార్థులకు మా మనవి ఒక్కటే. వచ్చు జూన్ నెలలో మీరు వ్రాయు వ్యాసములో ఊటీ వలదు. మీ ఊరి కాలువకు లాకులు ఎన్ని, మీ నాయనమ్మకు ఈత వచ్చునా, మీ చెల్లెలు ఈ వేసవిలో ఎంతదూరము నడచినది, ఇవి వ్రాయుడు.

కళాశాల కమిటీ పెద్దలకు మా వినతి రెండు మాటలలో ఉన్నది. బాలురకును, వేరువేళలలో స్త్రీ శిక్షకుల చేత బాలికలకును ఈత నేర్పు ఏర్పాటు వేసవిలో పదిహేను దినములు చేయుడు. విద్యార్థులు దిగు రేవులలో ఒక పొడుగాటి వెదురుకర్రను, ఒక తాడును ఉంచు పనిని మన విద్యార్థులకే అప్పగింపుడు. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. మా అబ్బాయిని కాపాడినది ఒక గేదెల కాపరి చేతికర్ర.

మా అమ్మాయి ఇప్పుడు కాలువగట్టుకు వచ్చినపుడు తమ్ముని చొక్కా పట్టుకొనదు. ఆ చొక్కాను వేపకొమ్మకు తగిలించి, కర్ర తీసికొని, తానే ముందుగా లోతు చూచుచున్నది.